చెర్రీ కౌంటీ, నెబ్రాస్కా: జనాభా, ఆదాయం, విస్తీర్ణం కలిపి ఎలా చదవాలి?

ప్రశ్న

అమెరికా జనగణన పట్టికల్లో గ్రామీణ కౌంటీలను (రాష్ట్రంలో జిల్లా వంటి విభాగాలను) పరిశీలిస్తూ, నెబ్రాస్కా ఉత్తర సరిహద్దులోని చెర్రీ కౌంటీ దగ్గర ఆగిపోయాను. దాని విస్తీర్ణం సుమారు 6,000 చదరపు మైళ్లు, అంటే కనెక్టికట్ రాష్ట్రం కంటే ఎక్కువ. అయితే 2020 జనగణనలో కనెక్టికట్‌లో 36 లక్షల మంది ఉండగా, ఇక్కడ 5,455 మందే ఉన్నారు. 1920లో ఇదే కౌంటీలో 11,753 మంది ఉండేవారు కనుక, వందేళ్లలో సగానికి పైగా జనం తగ్గిపోయారన్నమాట. మరోవైపు అక్కడి పశుపోషకులకు వేల ఎకరాలు ఉంటాయని చదువుతాము. ఆదాయపు అంకెలు మాత్రం ఒక్కో ప్రభుత్వ పట్టికలో ఒక్కో రకంగా కనిపిస్తున్నాయి. దీనిని క్షీణిస్తున్న ప్రాంతంగా భావించాలా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1

మీరు పోలికను 1920 నుంచి మొదలుపెట్టడంలోనే చిక్కంతా ఉంది. ఆ అంకె ఆ నేల మోయగలిగిన జనాభాను చూపదు. ఒక చట్టం కొద్దికాలం తెచ్చిపెట్టిన ఉబ్బును చూపుతుంది.

చెర్రీ కౌంటీలో అధికభాగం శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల ప్రాంతం. పశ్చిమార్ధగోళంలోని ఇసుక దిబ్బల్లోకెల్లా విశాలమైన ఈ దిబ్బలను గడ్డి కప్పి కదలకుండా పట్టి ఉంచుతుంది. నాగలి పెట్టి ఆ గడ్డిని తొలగిస్తే గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, వచ్చి స్థిరపడి సాగు చేసుకునే ఒక్కొక్కరికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి ఇచ్చింది. తూర్పు నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించుకోవడానికి అది చాలినా, ఈ ఇసుకలో ఏ మూలకూ సరిపోలేదు. అందుకని అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు మోజెస్ కింకెయిడ్ ప్రతిపాదించిన 1904 నాటి చట్టం పశ్చిమ నెబ్రాస్కాలో 640 ఎకరాల వరకు, అంటే ఒక చదరపు మైలు, తీసుకోవడానికి అవకాశం కల్పించింది. 1900లో 6,541గా ఉన్న కౌంటీ జనాభా 1910 నాటికి 10,414కు ఎగబాకింది. కానీ పశువులను మేపి బతకడానికి ఆ 640 ఎకరాలు కూడా చాలవని త్వరలోనే తేలడంతో, చాలామంది తమ భూములను పెద్ద రాంచ్‌లకు (పశుపోషణ క్షేత్రాలకు) అమ్మి వెళ్లిపోయారు. అందువల్ల 1900తో పోల్చి చూడండి: నూట ఇరవై ఏళ్లలో తగ్గినది సుమారు ఆరో వంతు.

ఆ భూమి పనికిరానిదని మాత్రం అనుకోవద్దు. దిబ్బల మీద పడిన వాన నేరుగా ఇంకి ఒగల్లాలా భూగర్భ జలాశయంలో చేరుతుంది; ఆ ఊట నీటితోనే స్నేక్, నార్త్ లూప్ వంటి నదులు ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా పారుతాయి, దిబ్బల నడుమ పల్లాల్లో చెరువులు, ఎండుగడ్డి కోసుకునే తడి మైదానాలు ఏర్పడతాయి. పశుపోషణకు ఇంతకంటే అనువైన చోట్లు అరుదు. అయితే ఆ వృత్తికి మనుషులు తక్కువ కావాలి, నేల ఎక్కువ కావాలి.

సమాధానం 2

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక సవరణ చేర్చదలచాను. 1950లో కూడా అక్కడ 8,397 మంది ఉన్నారు. ఆ తర్వాతి తరుగుదలకు కింకెయిడ్ చట్టం కారణం కాజాలదు. యంత్రాలు రావడం, రాంచ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, చదువుకున్న యువత తిరిగి రాకపోవడం అందుకు కారణాలు.

ఇక ఆదాయం. సెన్సస్ బ్యూరో (జనగణన సంస్థ) ప్రజలను అడిగి నమోదు చేసేది చేతికి వచ్చిన నగదు ఆదాయం. అందులో భూమి అమ్మగా వచ్చిన లాభం చేరదు. బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ అనే ప్రభుత్వ ఆర్థిక గణాంక సంస్థ లెక్కించే వ్యక్తిగత ఆదాయం వేరు: ఉద్యోగుల కోసం యజమానులు చెల్లించే పింఛను, ఆరోగ్య బీమా వాటాలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాల ఖర్చు, అమ్మకుండా మందలో ఉంచుకున్న పశువుల విలువలో వచ్చే మార్పు కూడా అందులోకి వస్తాయి. కాబట్టి పశువుల ధరలు, మేత ఖర్చు మారినప్పుడల్లా రెండో అంకె బాగా ఊగుతుంది. కోట్ల విలువైన నేల ఉన్న కుటుంబం ఒక చెడ్డ ఏడాదిలో, ఖర్చులు పోగా, మొదటి పట్టికలో పేద కుటుంబంగా నమోదు కావచ్చు. ఆస్తి పన్ను మాత్రం ఆ ఏడాదీ తప్పదు. నెబ్రాస్కా పాఠశాలలు దానిపైనే అధికంగా ఆధారపడతాయి.

ఇంకొక సంగతి: 65,000 కంటే తక్కువ జనాభా గల కౌంటీలకు సెన్సస్ బ్యూరో ఏటా జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల నమూనాలను కలిపి అంచనా వేస్తుంది. అంచనా పక్కనే ప్లస్ మైనస్ గుర్తుతో ఇచ్చే అంకెను (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేదాన్ని) వదిలేసి మధ్యగత ఆదాయాన్ని (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ ఉండే ఆదాయాన్ని) మాత్రమే ఉటంకిస్తే అది దాదాపు వదంతితో సమానం. జనం మరీ తక్కువైతే అంకెలు ఎలా ఊగుతాయో చూడండి: టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020లో 64 మందే లెక్కకు వచ్చారు. అంత కొద్దిమందిలో ఇద్దరు ముగ్గురు చమురు రాయల్టీదారులు (తమ భూమిలో తీసిన చమురుకు వాటా పొందేవారు) చాలు, సగటు తారుమారు కావడానికి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే చెర్రీని ఏ కౌంటీలతో పోల్చడం న్యాయం? రాష్ట్రపు సగటుతో పోల్చవచ్చా?

సమాధానం 1 రాసినవారు

రాష్ట్రపు సగటులో ఒమాహా, లింకన్ నగరాల బరువే ఎక్కువ కనుక దానితో పోలిక వద్దు. దక్షిణాన ఆనుకొని ఉన్న గ్రాంట్, హుకర్, థామస్ కౌంటీలు అదే ఇసుక, అదే వృత్తి. వాటితో పోల్చినా ఒక తేడా గుర్తుంచుకోవాలి: చెర్రీ జనాభాలో దాదాపు సగం వాలెంటైన్ అనే ఒక్క పట్టణంలో ఉంటారు, అక్కడ ఆసుపత్రి, బడి, కౌంటీ కార్యాలయాల జీతాలు, నయోబ్రారా నది మీద పడవ ప్రయాణాలకు వచ్చే పర్యాటకుల డబ్బు ఉన్నాయి. ఆ పట్టణాన్ని మినహాయించి చూస్తే జనసాంద్రత రెండు చదరపు మైళ్లకు ఒక మనిషి దగ్గరికి దిగుతుంది.

ఉత్తరాన సౌత్ డకోటాలోని టాడ్ కౌంటీతో మాత్రం నేరుగా పోల్చవద్దు. అది రోజ్‌బడ్ రిజర్వేషన్‌లో (అమెరికా ఆదివాసులకు కేటాయించిన ప్రాంతంలో) భాగం; విస్తీర్ణంలో చెర్రీకి నాలుగో వంతు లోపే అయినా జనాభా 9,000 దాటింది, పేదరికం దేశంలోనే తీవ్రమైన స్థాయిలో ఉంది. అక్కడి భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా మారిందన్న చరిత్ర తెలియకుండా ఆ ఆదాయపు అంకెలు బోధపడవు. దానికి వేరే చర్చ మొదలుపెట్టడం మేలు.