అప్‌డేట్: అటెన్‌బరో ఇంటిపేరు సంగతి తేలింది

ప్రకృతి డాక్యుమెంటరీలతో పేరుపొందిన బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో ఇంటిపేరు ఎక్కడిది, ఆ పేరున్న వాళ్లంతా ఒకే వంశమా అని మొన్న అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మన ఇంటిపేర్లు చాలావాటిలాగే ఇదీ ఊరి పేరే. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర ట్రెంట్ నది పక్కన అటెన్‌బరో అనే ఊరుంది. అక్కడ కంకర తవ్విన గుంతల్లో నీళ్లు నిండి పక్షులు చేరాయి. 1966లో ఆ చోటును ప్రకృతి సంరక్షణ ప్రాంతంగా ప్రారంభించింది కూడా డేవిడ్ గారే!

అసలు విశేషం డీఎన్‌ఏలో ఉంది. లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల 2009 నాటి పరిశోధనలో, ఈ పేరున్న మగవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ భాగం) ఒకే రకం. అదీ బ్రిటన్‌లో అరుదైన రకం. అంటే ఎక్కువమందికి మూలపురుషుడు ఒక్కడే అన్నమాట. స్మిత్ అనే ఇంటిపేరు వాళ్లకు ఇలా కుదరదు, స్మిత్ అంటే కమ్మరి, ఊరూరా కమ్మరి ఉండేవాడు మరి. మిగతా వాళ్ల సంగతంటారా, దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడాలు ఏ వంశంలోనైనా మామూలే.