బీ ఫ్లాట్ ట్రంపెట్‌ను కోసి సీ శ్రుతికి మార్చవచ్చా?

కొత్తఊపిరి:
నా దగ్గర పాత బీ ఫ్లాట్ ట్రంపెట్ ఒకటుంది. పైపూత పోయింది కానీ బెల్ బాగుంది, వాల్వ్‌లు హాయిగా కదులుతున్నాయి. మాకు వచ్చే నోట్స్ అన్నీ పియానోకి రాసినవే, ఈ ట్రంపెట్‌లో సీ వాయిస్తే పియానోలోని బీ ఫ్లాట్ పలుకుతుంది. ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సర్దడానికి లోపలికీ బయటికీ జరిపే యూ ఆకారపు గొట్టం) కోసి పొట్టి చేస్తే సీలోకి వచ్చేస్తుందా? ఎంత కోయాలి?

మూడోవాల్వ్:
లెక్క తేలికే, పనే కష్టం. బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మొత్తం పొడవు దాదాపు 148 సెం.మీ. సీకి 132 చాలు. అంటే 16 సెం.మీ. తగ్గాలి, స్లైడ్‌కి రెండు కాళ్లు కాబట్టి ఒక్కోవైపు 8.

లోపలి కాళ్లు మాత్రమే కోస్తే శ్రుతి ఏమీ మారదు, ఇది గుర్తుపెట్టుకోండి. స్లైడ్ పూర్తిగా లోపలికి నెట్టినప్పుడు గాలి వెళ్లే దారి ఎంతన్నది ఆ కాళ్లు దూరే బయటి గొట్టం పొడవును బట్టే ఉంటుంది. అందుకని బయటి గొట్టాలు కూడా అంతే కోయాలి. వాటి చివర ఉన్న రింగులను వేడిచేసి విప్పి, మళ్లీ టంకం పెట్టాలి.

ఇంతా చేసినా వాల్వ్ స్లైడ్‌లు (వాల్వ్ నొక్కినప్పుడు గాలి దారికి కలిసే గొట్టాలు) పాత పొడవులోనే ఉంటాయి. మొదటి వాల్వ్ నొక్కితే స్వరం అర్ధస్వరంలో పావు వంతు కిందికి పడుతుంది, మూడోది నొక్కితే మూడో వంతు. ఏమీ నొక్కని స్వరాలు శ్రుతిలో ఉంటాయి, నొక్కినవి ఉండవు. మూడు స్లైడ్‌లనూ పొట్టి చేయాల్సిందే. నేను రిపేర్లు చేస్తాను, బాగా పలికే వాయిద్యానికి మాత్రం ఈ పని చేయను. ఒకసారి కోసిన గొట్టం మళ్లీ రాదు.

సాధకుడు:
కోయకండి, దయచేసి. పియానో నోట్స్‌ని ఒక స్వరం పైకి చదవడం నేర్చుకోండి. సీ కనిపిస్తే డీ వాయించాలి, కీ సిగ్నేచర్‌కి (నోట్స్ మొదట్లో రాసే షార్పులు, ఫ్లాట్‌లు) రెండు షార్పులు కలపాలి. ఎఫ్ మేజర్ పాట అయితే ఒక ఫ్లాట్ పోయి ఒక షార్ప్ వస్తుంది, జీ మేజర్ అన్నమాట. మొదట నెమ్మదైన పాటలు పట్టండి. కొన్నాళ్లకు కన్ను దానంతటదే పైస్వరం మీద పడుతుంది.

కొత్తఊపిరి:
మూడోవాల్వ్ గారూ, వాల్వ్ స్లైడ్‌ల సంగతి నాకు తట్టనే లేదు, చాలా థ్యాంక్స్. కోయను. మరి శ్రుతి దించడం కుదురుతుందా? మా గాయనికి అప్పుడప్పుడు ‘ఏ’ (A) శ్రుతి సౌకర్యంగా ఉంటుంది.

మూడోవాల్వ్:
దించడానికి కోత అక్కర్లేదు. ట్యూనింగ్ స్లైడ్ 4.4 సెం.మీ. బయటికి లాగితే ‘ఏ’ శ్రుతి వస్తుంది, అంత లాగినా కాళ్లు గట్టిగా పట్టుకుని ఉండాలి సుమా. తర్వాత మొదటి వాల్వ్ స్లైడ్ అర సెం.మీ., మూడోది దాదాపు 8 మి.మీ., రెండోది 2-3 మి.మీ. లాగండి. ట్యూనర్ పెట్టుకుని ఒక్కో వాల్వ్ విడిగా సరిచూసుకోండి. స్లైడ్‌లకు ముందు గ్రీజు రాయండి, పాతది కదా, బిగుసుకుని ఉంటే బలవంతంగా లాగొద్దు.