అప్‌డేట్: చిన్న బడిలో మార్కులు పడిపోయాయని అడిగాను కదా

పోయినసారి నేనడిగింది ఇదీ: మా పాప చదివే పల్లెటూరి ప్రాథమిక బడిలో మూడో తరగతి ఉత్తీర్ణత ఒక్క ఏడాదిలో 83 శాతం నుంచి 50కి పడిపోయింది, పిల్లలూ తగ్గుతున్నారు, బడి మార్చేయాలా అని. శాతాలు వదిలేసి తలలు లెక్కపెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు.

వెళ్లి అడిగాను. హెడ్మాస్టరు గారు రిజిస్టర్ తీసి నా ముందు పెట్టారు. రెండేళ్లూ తరగతిలో ఉన్నది ఆరుగురే! నిరుడు ఐదుగురు గట్టెక్కారు, ఈసారి ముగ్గురు. నేను నిద్ర మానుకున్నది ఇద్దరు పిల్లల తేడాకన్నమాట. అందులో ఒకడు ఏడాది మధ్యలో వచ్చి చేరినవాడు. మూడేళ్లవి కలిపి చూస్తే భయపడేంత ఏమీ లేదు.

నిజమైన దిగులు పిల్లల సంఖ్యే. రెండు, మూడు తరగతులకు ఒకే గది, ఒకే టీచరు. ఒక పూట వెనక బెంచీలో కూర్చుని చూశాను. రెండో తరగతి పిల్లలు కూడికలు చేస్తుంటే మూడో తరగతివాళ్లు పాఠం చదువుతున్నారు. మా పాప మాత్రం తన పుస్తకం పక్కనపెట్టి, పక్క వరుసలో పిల్లాడికి పదులు ఎలా కలపాలో వేళ్లమీద చూపిస్తోంది. టీచరమ్మ చూసి కూడా ఏమీ అనలేదు.

ఈ ఏడాదికి మార్చడం లేదు. ఉన్న టీచర్లలో ఒకరిని తీసేస్తే మళ్లీ ఆలోచిస్తాను.