ఒకే మామ్మ, ఒకే కథ, మూడు రకాలు... డిసర్టేషన్‌లో ఏది పెట్టాలి?

కథలసంచి:
అందరికీ నమస్తే. ఫోక్‌లోర్‌లో ఎంఏ చేస్తున్నా, డిసర్టేషన్ కోసం కథలు రికార్డ్ చేస్తున్నా. ఒక మామ్మ దగ్గర ఏడుగురన్నల చెల్లెలి కథ తీసుకున్నా. మొదటిసారి చెప్పినప్పుడు పెద్దొదిన ఆ పిల్లని నానా బాధలూ పెడుతుంది, చిల్లుకుండ ఇచ్చి నీళ్ళు తెమ్మంటుంది. ఆడియో సరిగ్గా రాలేదని (ఫ్యాన్ కింద కూర్చోబెట్టా, తప్పు నాదే) వారం తర్వాత మళ్ళీ వెళ్తే ఈసారి పెద్దొదిన ఊసే లేదు, చిల్లుకుండ ఇచ్చింది ఒక రాక్షసి అంట! మూడోసారి వదిన మళ్ళీ వచ్చింది కానీ చివర్లో ఇద్దరూ కలిసిపోయారు. "మొన్న వేరేగా చెప్పారు కదా మామ్మా" అంటే "అదే కథరా, ఒక్క ముక్క మారలేదు" అని కొట్టిపారేసింది. మా గైడేమో మూడూ కలిపి ఒక్క పాఠం (అంటే కథ రాతరూపం) శుభ్రంగా రాసుకురా, దగ్గులూ నసుగుళ్ళూ తీసేయ్ అంటున్నారు. అసలు పాఠం ఏదో ఎలా తేల్చాలి?

పాత_క్యాసెట్:
తేల్చొద్దు, కలపొద్దు కూడా. మూడూ కలిపితే వచ్చేది నాలుగో కథ, అది చెప్పింది మామ్మ కాదు, నువ్వు. ఇంక ఆ "ఒక్క ముక్క మారలేదు" ఉంది చూడు, మామ్మ అబద్ధమాడట్లేదు. 1930ల్లో మిల్మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే అమెరికన్ పరిశోధకులు యుగోస్లావియాలో వీరగాథలు పాడేవాళ్ళని రికార్డ్ చేశారు కదా, అక్కడా ఇదే గోల. మాట పొల్లుపోకుండా అదే పాడతామనేవాళ్ళు, తీరా రికార్డింగులు పక్కపక్కన పెడితే తేడాలే తేడాలు. అవ్దో మెజెదోవిచ్ అని చదువురాని గాయకుడు, తను ఎప్పుడూ వినని పాట ఇంకొకాయన పాడుతుంటే ఒక్కసారి విని వెంటనే తనూ పాడాడు. విన్నది 2,294 పంక్తులు, పాడింది 6,313! వాళ్ళ లెక్కలో "అదే పాట" అంటే అదే కథ అని, అవే పదాలని కాదు. అచ్చు పుస్తకాలకి అలవాటుపడ్డ మనకే ఈ "అసలు పాఠం" జబ్బు.

మోటిఫ్_పిచ్చి:
ముందు ఇండెక్స్‌లు చూశావా? కథల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కని మోటిఫ్ అంటాం, వాటికీ మొత్తం కథలకీ నంబర్లిచ్చిన పట్టికలున్నాయి. చిల్లులున్నదాంతో నీళ్ళు మోయమనడం చాలా పాత సరుకు, స్టిత్ థాంప్సన్ మోటిఫ్ ఇండెక్స్‌లో హెచ్ అక్షరం కింద పరీక్షల విభాగం ఉంటుంది, అందులో హెచ్1023.2 జల్లెడతో నీళ్ళు మోయడమే. కథ మొత్తానికైతే టైప్ నంబర్ వెతుక్కో, ఆ పట్టికని ఆంట్టి ఆర్నే 1910లో మొదలుపెట్టాడు, థాంప్సన్ పెంచాడు, 2004లో ఉతెర్ సరిచేశాడు, అందుకే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఏటీయూ అంటాం. నంబర్ దొరికితే దాని చుట్టాలు, అంటే వేరే చోట్ల చెప్పే ఇలాంటి కథలు, దొరికినట్టే.

ఊకొట్టేది:
నంబర్ చుట్టాల్ని చూపిస్తుంది సరే, వదిన ఎందుకు మాయమైందో చెప్పదుగా. కథలసంచి గారూ, మూడు రోజులూ గదిలో ఎవరెవరున్నారండీ? అలాన్ డండీస్ అనే ఫోక్‌లోర్ పండితుడు 1964లోనే చెప్పాడు, కథ ఒక్కటే రాసుకుంటే చాలదు, చెప్పే తీరూ చెప్పిన సందర్భం కూడా రాయాలని. ఊ కొట్టేవాళ్ళు మారితే కథ మారుతుంది.

కథలసంచి:
మీరడిగాక నోట్స్ తీశా... మొదటిరోజు మామ్మా నేనూ అంతే. రెండోరోజు వాళ్ళ పెద్దకోడలు పక్కనే బట్టలు మడతపెడుతూ కూర్చుంది. మూడోరోజు కోడలితోపాటు మనవరాలు కూడా ఉంది, కథ మధ్యలో ఏడుపు మొదలెట్టింది. ఛ, కళ్ళెదురుగా పెట్టుకుని చూళ్ళేదు!

ఊకొట్టేది:
అదీ సంగతి! అత్తగారు కోడలి ముందు పెద్దొదినని తిట్టలేక రాక్షసి మీదకి తోసేసింది. జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు కూడా చేసింది ఇదేనండీ. 1812లో మొదటిసారి అచ్చేసినప్పుడు స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లే, 1819 ఎడిషన్‌కి వచ్చేసరికి సవతితల్లి అయిపోయింది. కన్నతల్లి అంత పని చేసిందంటే ఇళ్ళలో చదివేవాళ్ళు ఎలా ఒప్పుకుంటారు మరి. వాళ్ళు బల్ల ముందు కూర్చుని ఏళ్ళ తరబడి దిద్దిందాన్ని మీ మామ్మ కోడలి మొహం చూసి అప్పటికప్పుడు దిద్దేసింది, నన్నడిగితే మామ్మే గొప్ప.

పాత_క్యాసెట్:
గైడ్‌తో గొడవ పెట్టుకోకు, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. మూడు ట్రాన్స్‌క్రిప్షన్లూ ఉన్నదున్నట్టు మెయిన్ చాప్టర్‌లో పెట్టు, తేదీ, గదిలో ఎవరున్నారు, ఎక్కడ ఆగింది, ఎవరు అడ్డొచ్చారు అన్నీ రాయి. ఆయనడిగిన శుభ్రమైన పాఠం వెనక అనుబంధంలో పడేసి, ఇది నేను కూర్చింది, ఫలానావి తీసేశాను అని ఒక లైను కొట్టు. ఆ లైను లేకపోతేనే తంటా, రిచర్డ్ డోర్సన్ అనే అమెరికన్ ఫోక్‌లోర్ పండితుడు 1950లో ఇలాంటి అతుకుల సరుకుకే ఫేక్‌లోర్ (నకిలీ ఫోక్‌లోర్) అని పేరు పెట్టి చాకిరేవు పెట్టాడు.

కథలసంచి:
థాంక్యూ అండీ అందరికీ. రాత్రి రెండో రికార్డింగ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నా. చిల్లుకుండ దగ్గరికొచ్చేసరికి మామ్మ "అప్పుడు ఆ పెద్దొ..." అని ఆగింది, గట్టిగా రెండుసార్లు దగ్గింది, ఆ తర్వాత "రాక్షసి ఉందే, అదొచ్చింది" అంది. గైడ్ తీసేయమన్న దగ్గు ఇదే 😄