సికిల్ ట్రెయిట్ ఉన్నవాళ్ళు రక్తం ఇవ్వొచ్చా? బ్లడ్ బ్యాంకులో ఇది చూస్తారా?

మన్యం_కుర్రోడు:
అందరికీ నమస్తే అండి. మాది పాడేరు వైపు, ఇప్పుడు వైజాగ్‌లో జాబ్. మా ఊళ్ళో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) స్క్రీనింగ్‌కి వచ్చినప్పుడు నేనూ చేయించుకుంటే ట్రెయిట్ అని, అంటే జబ్బు లేదు గానీ ఆ జీన్ ఒకటి ఉందని, కార్డు ఇచ్చారు. కాలేజీ రోజుల నుంచీ క్యాంపుల్లో రక్తం ఇస్తూనే ఉన్నాను, హిమోగ్లోబిన్ ఎప్పుడూ 14 పైనే, ఎవరూ ఆపలేదు. ఇప్పుడు మనసంతా అదే, నా రక్తం ఎక్కించుకున్నవాళ్ళకి ఈ జబ్బు అంటుకుని ఉంటుందా, ఇక మానేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ల్యాబ్_శ్రీను:
తమ్ముడూ ముందు ఆ భయం తీసెయ్. ఇది అమ్మానాన్నల నుంచి జీన్స్‌లో వచ్చేదే, రక్తం ద్వారా అంటదు. నువ్వు ఇచ్చిన ఎర్ర కణాలు ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లో మహా అయితే నాలుగు నెలలు తిరిగి పోతాయి, అంతే. నిన్ను ఎందుకు ఆపలేదంటే మన దగ్గర ప్రతి యూనిట్‌కీ తప్పనిసరిగా చేసేవి హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా, ఇవీ బ్లడ్ గ్రూపూ. దానికి ముందు హిమోగ్లోబిన్ 12.5 ఉందా లేదా చూస్తారు. ట్రెయిట్ ఉన్నవాళ్ళకి అది మామూలుగానే ఉంటుంది కాబట్టి అక్కడ దొరకరు.

పాప_అమ్మ_హైదరాబాద్:
తమ్మీ, మా పాపకు తలసేమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగ్గ తయారుగాని పుట్టు జబ్బు, మూడు వారాలకోసారి బ్లడ్ ఎక్కియ్యాలె. ఒకసారి తెల్ల కణాలు ఆపే ఫిల్టర్ పెట్టి స్టార్ట్ చేసిన్రు, సగం గూడ పోలే, ఆగిపోయింది, ఇంకో ఫిల్టర్ పెడితే అది గూడ జామ్ అయింది. పాప పొద్దటిసంది సూది పెట్టుకొని కూసుంది, మళ్ళ వేరే ప్యాకెట్ వచ్చేదాక సాయంత్రమైంది. డోనర్‌కి సికిల్ ట్రెయిట్ ఉండొచ్చని తర్వాత ఒక మేడమ్ చెప్పింది. ఇచ్చిన ఆయన్ని నేనేమంట, ఆయన మంచి మనసుతోనే ఇచ్చిండు. కాని ఆ టెస్ట్ ముందే ఒక్కసారి చేసుంటే మా పాపకు ఆ తిప్పలు తప్పేది కదా.

రక్త_వైద్యం_పీజీ:
ఆ మేడమ్ చెప్పింది నిజమేనండి. బ్యాగ్‌లో ఆక్సిజన్ తక్కువ, రక్తం గడ్డకట్టకుండా అందులో కలిపే సిట్రేట్ వల్ల కాస్త ఆమ్లత కూడా ఉంటుంది, ఆ వాతావరణంలో హిమోగ్లోబిన్ ఎస్ (సికిల్ జీన్ వల్ల తయారయ్యే రకం) గట్టిపడి కణాలు బిరుసెక్కుతాయి, ఫిల్టర్ మూసుకుపోతుంది, పోకపోయినా తెల్ల కణాలు సరిగ్గా ఆగకపోవచ్చు. ఫిల్టర్ ఒక్కటే కాదు. సికిల్ పేషెంట్‌కి స్ట్రోక్ వస్తే రక్తం మార్పిడి చేసి వాళ్ళ ఎస్ శాతాన్ని 30 కిందకి తేవాలని చూస్తాం, ట్రెయిట్ ఉన్నవాళ్ళ రక్తంలోనే అది 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది కదా, ఆ ప్యాకెట్ ఎక్కించి ఇంక ఏం తగ్గిస్తాం? పురిటి పిల్లలకి కూడా ఇవ్వకూడదు. మామూలు పెద్దవాళ్ళకి యాక్సిడెంట్‌లోనో ఆపరేషన్‌లోనో ఎక్కిస్తే సాధారణంగా ఇబ్బంది రాదు. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు నిశ్చింతగా వాడొచ్చు. అంటే మన్యం తమ్ముడు తనంతట తానే మానెయ్యక్కర్లేదు, ఆ ఎర్ర కణాలు ఎవరికి వెళ్ళకూడదో మాత్రం బ్యాంకుకి తెలియాలి.

లండన్_లక్ష్మి:
ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. చంటిపిల్లలకీ సికిల్ పేషెంట్లకీ వచ్చే యూనిట్లు హెచ్‌బి‌ఎస్ నెగెటివ్, అంటే ఆ ఎస్ లేదని చూసే పంపుతారు, అందరి రక్తానికీ చేయరు, అవసరమైన వాటికి చేస్తారు. మనదగ్గరా అలా మొదలుపెట్టొచ్చు కదా.

క్యాంపు_రాజు_ఖమ్మం:
నేను క్యాంపులు పెట్టిస్తుంటాను, చిన్న బ్లడ్ బ్యాంకులకి హెచ్‌పిఎల్‌సి అనే, హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూపే మెషిన్ ఎక్కడిదండి? పైగా క్యారియర్ (అంటే ట్రెయిట్ ఉంది) అని తెలిస్తే పెళ్ళి సంబంధాలు చెడతాయని జనం క్యాంపుకే రారేమో అని నా భయం.

ల్యాబ్_శ్రీను:
రాజు గారూ మెషిన్ లేకపోయినా సాల్యుబిలిటీ టెస్ట్ ఉంది, డైథియోనైట్ కలిపిన ద్రావణంలో చుక్క రక్తం వేస్తే ఎస్ ఉంటే మసకబారి ట్యూబ్ వెనక పెట్టిన గీతలు కనపడవు, నిమిషాల్లో తేలిపోద్ది. కాకపోతే ట్రెయిటా జబ్బా అన్నది చెప్పదు, తలసేమియా క్యారియర్లని అసలు పట్టుకోదు. తలసేమియా మైనర్ ఉన్న, అంటే ఆ క్యారియర్లయిన మగవాళ్ళు 13 హిమోగ్లోబిన్‌తో దర్జాగా పాసైపోతారు, వాళ్ళకి హెచ్‌పిఎల్‌సిలో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం మామూలుగా 3.5 శాతం దాటి కనపడుద్ది. ఇంకో సంగతి, ఇది పుట్టుకతో ఉండేది, రేపు మారేది కాదు, రెగ్యులర్ డోనర్‌కి జీవితంలో ఒక్కసారి చేసి కార్డు మీద రాస్తే సరిపోద్ది. భద్రాచలం, ఆదిలాబాద్, పాడేరు వైపు క్యాంపుల్లో ముందు మొదలెట్టాలి.

రక్త_వైద్యం_పీజీ:
సంబంధాల మాట నిజమే, అందుకే రిజల్ట్ డోనర్‌కి ఒక్కడికే, విడిగా కూర్చోబెట్టి చెప్పాలి, క్యాంపు టేబుల్ దగ్గర అందరి ముందూ కాదు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులో 25 శాతం జబ్బు వచ్చే అవకాశం, మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఆ కబురు ముందే తెలియడం ఆ ఇంటికే మేలు. ఇంకోటి, పిల్లలకి ఈ జబ్బుల అనుమానం ఉంటే రక్తం ఎక్కించకముందే హెచ్‌పిఎల్‌సి శాంపిల్ తీయించండి, ఎక్కించాక చేస్తే డోనర్ హిమోగ్లోబిన్ కూడా కలిసి రిపోర్ట్ తప్పుదోవ పట్టిస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి ఆగాల్సి వస్తుంది.

మన్యం_కుర్రోడు:
చాలా థాంక్స్ అండి అందరికీ, గుండె మీద బరువు దిగింది. అక్కా, మీ పాప బాగుండాలి. ఒక్క డౌట్, డోనర్ ఫారంలో దీనికి కాలమ్ లేకపోతే ఎక్కడ రాయాలి?

ల్యాబ్_శ్రీను:
రక్తం ఇవ్వడానికి పడుకునే ముందే కౌన్సెలర్‌కో డాక్టర్‌కో కార్డు చూపించి, ఫారం మీద సికిల్ ట్రెయిట్ అని రాయించు, తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళు చూస్తారు. తీసుకుంటే ఆ ప్యాకెట్‌కి ట్యాగ్ కట్టమను. మీ అన్నదమ్ములకీ చెల్లెళ్ళకీ టెస్ట్ అయిందా?

మన్యం_కుర్రోడు:
చెల్లికి ఇంకా కాలేదన్నా, ఈ ఆదివారం ఊరెళ్ళి తీసుకెళ్తాను.