అప్‌డేట్: లూనెబుర్గ్ హీత్ ఇసుకలో ముందు చక్రం దిగబడటం, చాలావరకు తగ్గింది

ఉత్తర జర్మనీలోని లూనెబుర్గ్ హీత్ అనే పొదల మైదానంలో, విల్సెడె ఊరి చుట్టూ ఉన్న ఇసుక దారుల్లో మౌంటెన్ బైక్ ముందు చక్రం దిగబడి పక్కకి జారుతోందని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీలో ఎక్కువమంది చెప్పిందే నిజం, తప్పు టైర్లలో గాలిది. 2.25 అంగుళాల టైర్లలో గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ ఉండేది. 75 కిలోల మనిషికి ముందు 20, వెనక 23కి దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతోంది. ట్యూబ్ ఉంచి మాత్రం ఇంత తగ్గించకండి. అడవిలో పైన్ వేరు తగిలితే రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేయించి, ఒక్కో టైరుకి 100 మి.లీ. సీలెంట్ (చిల్లుల్ని లోపలినుంచి పూడ్చే ద్రవం) పోయించాను.

ఇసుక రాకముందే గేరు తేలిక చేసుకోవాలి. ఒళ్లు కాస్త వెనక్కి, చేతులు వదులుగా, తొక్కడం ఆపకుండా. ఇసుక మధ్యలో ముందు బ్రేకు నొక్కితే పడ్డట్టే!

చైనుకి నూనె బదులు మైనం లూబ్ వాడండి. నూనెకి అంటిన ఇసుక ఆకురాయిలా గేరు పళ్లను అరగదీస్తుంది.

అక్కడి విల్సెడెర్ బెర్గ్ కొండ ఎత్తు 169 మీటర్లే, ఎక్కుడు లెక్కలోది కాదు. రక్షిత ప్రాంతంలో కార్లు తిరగవు గానీ గుర్రపు బండ్లు తిరుగుతాయి, దారిని గుల్ల చేసేది అవే. సైకిలు బొమ్మ గుర్తు పెట్టిన దారి వదలొద్దు. హీదర్ పొదలు పూసే ఆగస్టు, సెప్టెంబరుల్లో జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో గోమార్లు ఉన్నాయేమో చూసుకోండి.