సర్వీస్ రోబో టెక్నీషియన్‌కి ముందు నేర్పాల్సింది మీటరా, కోడింగా?

ప్యానెల్_బోర్డు:
తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. ఇండస్ట్రియల్ రోబోటిక్స్ కోర్సు పెట్టారు, మంచిదే. కానీ ఆసుపత్రిలో మందులు మోసే బండికి, హోటల్లో ప్లేట్లు తెచ్చే బండికి, మాల్‌లో నేల తుడిచే యంత్రానికి కూడా మనిషి కావాలిగా. వాటికోసం నేర్పేటప్పుడు మొదటి మూడు నెలలు కోడింగ్ వద్దంటాను. చేతికి మల్టీమీటర్ (వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే మీటర్) ఇవ్వండి.

లైడార్_కన్ను:
ఒప్పుకోను సార్. ఫ్యాక్టరీ రోబోకి చుట్టూ కంచె ఉంటుంది, దాని చోటు మారదు. ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్లు గంటకో చోట ఉంటాయి. గాజు తలుపే తీసుకోండి. బండి దారి చూసుకునేది లైడార్‌తో, అంటే చుట్టూ లేజర్ తిప్పి దూరం కొలిచే కన్నుతో. ఆ లేజర్ చాలావరకు గాజులోంచి దూసుకుపోతుంది కాబట్టి బండికి అక్కడ ఖాళీ దారి కనబడుతుంది. ఇది మీటర్‌కి దొరికే లోపం కాదు. బండి వాడే మ్యాపులో గాజు ఉన్నచోట గోడ గీయాలి, గాజు మీద మసక పట్టీ అంటించాలి. పట్టీని అందం కోసం కంటి ఎత్తున అంటిస్తారు. చాలా బళ్లలో లేజర్ తిరిగేది నేలకి జానెడు ఎత్తున!

ప్యానెల్_బోర్డు:
సరే, ఇది చూడండి. ఎడమ చక్రం ఎర్రర్ వస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది, గంటకి మళ్లీ వస్తుంది. మీటర్ తెలియనివాడు అప్‌డేట్ వేస్తూ కూర్చుంటాడు. తెలిసినవాడు బ్యాటరీ విడదీసి, క్యాన్ హై, క్యాన్ లో తీగల (బండి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జత) మధ్య ఓమ్స్, అంటే నిరోధం చూస్తాడు. రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. 40 వస్తే ఎవరో మూడోది తగిలించినట్టు. తీగని మెల్లగా కదుపుతూ చూస్తేనే లూజు బయటపడుతుంది. పవర్ ఆన్‌లో ఉండగా ఓమ్స్ పెడితే ఆ అంకెని నమ్మడానికి లేదు.

షిఫ్ట్_ఇన్‌చార్జి:
మీరిద్దరూ వదిలేసిన పనులున్నాయండీ. కాస్టర్ చక్రానికి (ఎటైనా తిరిగే చిన్న చక్రం) వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటే బండి ఒక పక్కకి లాగుతుంది. డాక్ (బండి చార్జింగ్‌కి ఆనుకునే స్టాండ్) లోహపు పట్టీలు నల్లబడితే రాత్రంతా పెట్టినా చార్జ్ ఎక్కదు. పవర్ తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ఇక ఎమర్జెన్సీ బటన్‌లో రెండు ఎన్‌సీ కాంటాక్టులు (మామూలుగా కలిసి ఉండి, బటన్ నొక్కితే విడిపోయేవి) ఉంటే, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. తొందరలో జంపర్ వేసి, అంటే ఆ బటన్ పనిచేయకుండా అడ్డతీగ కలిపి, బండిని వదిలేవాణ్ణి ఈ పనికి పంపకూడదు. ఎదురొచ్చేది హెల్మెట్ పెట్టుకున్న కార్మికుడు కాదు, సెలైన్ స్టాండ్ పట్టుకుని నడిచే రోగి.

లైడార్_కన్ను:
జంపర్ మాటకి తిరుగులేదు. మరి లాగ్ (ఏ ఎర్రర్ ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో బండి రాసుకునే చిట్టా) చదవడం ఎప్పుడు నేర్పుతారు? బండి ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే మ్యాపునో వైఫైనో అనుమానించాలి. చోటు మారుతున్నా అదే ఎర్రర్ వస్తుంటే తీగల దగ్గరికి వెళ్లాలి. లాగ్ చూడందే మీటర్ ఎక్కడ పెట్టాలో తెలియదు.

ప్యానెల్_బోర్డు:
అది కోడింగ్ కాదుగా, మొదటి వారమే పెడదాం. పైథాన్ రాయించడం తర్వాత. పరీక్ష మాత్రం ఇలా ఉండాలి: బండిలో మూడు లోపాలు దాచాలి. వదులు కనెక్టర్, మ్యాపులో చెరిపేసిన గోడ, లైడార్ అద్దం మీద నూనె వేలిముద్ర. టైమ్ 90 నిమిషాలు. ఏ భాగమైనా మార్చేముందు కారణం కాగితం మీద రాయాలి. రాయకుండా మోటార్ డ్రైవర్ (మోటార్‌ని నడిపే బోర్డు) మార్చేస్తే, బండి నడిచినా మార్కులు వేయొద్దు.

షిఫ్ట్_ఇన్‌చార్జి:
ఆ పరీక్షలో మైక్రోఫైబర్ గుడ్డ కూడా ఇవ్వండి. లేకపోతే అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచేస్తారు, ఆ గీతలు ఇక పోవు.